అచ్చాయమ్మ పేరు మీద

నాకు కోపం ఎక్కువ. ఇంట్లోనూ అంటారు, ఆస్పత్రిలోనూ అనేవారు. "శ్యామలాంబ గారితో మాట్లాడే ముందు ఆవిడకో గ్లాసు మజ్జిగ ఇవ్వాలండి" అని నర్సులు నవ్వుకునేవారు. నవ్వుకోనీండి. గోదావరి ఒడ్డున ఒక ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్ళు జనం రక్తం తీసినదాన్ని, నా రక్తం ఎప్పుడు మరగాలో నాకు తెలుసు. ఆ ఊరి పేరు మాత్రం చెప్పను. ఇప్పటికీ అక్కడ పనిచేస్తున్నవాళ్ళకి లేనిపోని తలనొప్పి.

రెండువేల ఒకటిలో జరిగింది ఇది. రాష్ట్రం మొత్తం మీద సుఖవ్యాధులు ఎంతమందికి ఉన్నాయో తేల్చడానికి ఏటా ఒక సర్వే జరిగేది. సుఖవ్యాధి! ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవడో గానీ, వాడు ఆడదై మాత్రం పుట్టి ఉండడు. సర్వేకి మా ఆస్పత్రినీ ఎంచారు. కడుపుతో ఉండి మొదటిసారి చూపించుకోవడానికి వచ్చినవాళ్ళలో నాలుగువందల మంది దగ్గర రక్తం తీయాలి. ఆ రక్తానికి రెండు పరీక్షలు. ఒకటి హెచ్‌ఐవీ. ఆ ట్యూబు మీద నంబరు తప్ప పేరు ఉండకూడదు, అది ఎవరిదో ఎవరికీ తెలియకూడదు. రెండోది సిఫిలిస్, మన పెద్దవాళ్ళు సవాయి అనేవారే, అది. దానికి పేరు ఉండి తీరాలి, ఎందుకంటే దానికి మందు ఉంది. పిర్రకొకటి చొప్పున రెండు పెనిసిలిన్ సూదులు వేస్తే తల్లి బాగుపడుతుంది, కడుపులో బిడ్డా బతుకుతుంది. వేయకపోతే చాలాసార్లు బిడ్డ నెలలు నిండకుండానే చచ్చి పుడుతుంది.

ఇంత చిన్న విషయం. దీన్ని కూడా పాడుచేయగలిగారు.

సర్వే చూసే ఆఫీసరు డాక్టర్ అమ్మిరాజు గారు. మనిషి చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకుందును. అంతకుముందు ఏడాది ఎక్కడో హెచ్‌ఐవీ జాబితా బయటికి పొక్కింది. ఒక ఇల్లాలిని ఊళ్ళోంచి తరిమేశారు, పేపర్లో పడింది. అప్పటినుంచి ఆయనకి పేరు అన్న మాట వింటేనే చెమటలు. ఆగస్టు మొదట్లో ల్యాబ్‌కి వచ్చి కుర్చీలో కూర్చోకుండానే చెప్పారు.

"రెండు ట్యూబుల మీదా చీటీలు పీకేయండి శ్యామలాంబ గారూ. పేరన్నది ఎక్కడా కనబడకూడదు."

"రెండోదానికి ఉండాలండి. పేరు లేకపోతే ఎవర్ని పిలిచి సూది వేస్తామండి?"

"మళ్ళీ పేపర్లో పడితే మీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ ఊడతాయి. మీకు తెలీదు."

"మరి జబ్బు తేలినవాళ్ళ సంగతేంటండి?"

"మనల్ని అడిగింది శాతం అండి. శాతానికి పేరెందుకు?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా లోపల ఒక ధైర్యం ఉండేది. సిఫిలిస్ పరీక్ష పావుగంట పని. మనిషి ఇంకా బల్ల మీద కూర్చుని ఉండగానే చేసేస్తాను, తేలితే అక్కడికక్కడే చెయ్యి పట్టుకుని సూది గదికి తీసుకెళ్తాను, చీటీ ఉంటే ఎంత, పోతే ఎంత అనుకున్నాను. ఆ ధైర్యం కూడా నిలవలేదు. ఆ పరీక్షకి రక్తంలో కలపాల్సిన మందు అయిపోయింది. రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అన్నారు. ఆగస్టు పోయింది, సెప్టెంబరు పోయింది. నేను రక్తం తీయడం, చీటీ పీకడం, నంబరు వేయడం, ఫ్రీజర్లో పెట్టడం. నాలుగువందలూ పూర్తయ్యాక, అక్టోబరు రెండోవారంలో, దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్కలు మొరిగినట్టు మందు డబ్బా వచ్చింది.

నాలుగు రోజులు తల ఎత్తకుండా పరీక్షలు చేశాను. జబ్బు ఉన్న రక్తమైతే మైక్రోస్కోపులో రవ్వ రవ్వగా విరిగి కనిపిస్తుంది. తొమ్మిది ట్యూబుల్లో రక్తం అలా విరిగింది. తొమ్మిది నంబర్లు. తొమ్మిది కడుపులు అప్పటికే రెండేసి నెలలు పెరిగి ఉంటాయి.

అమ్మిరాజు గారు జేబులోంచి కాలిక్యులేటర్ తీశారు. "తొమ్మిది బై నాలుగువందలు. రెండుంపావు శాతం. పోయినేడు మూడు ఉండేదండి. తగ్గింది!" అన్నారు. ఆ ముఖంలో సంతోషం చూడాలి మీరు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు కదా, అలా ఉంది.

"ఆ తొమ్మిది మందీ ఎవరండి?" అన్నాను.

"అది తెలుసుకోకూడదనే కదండీ నంబర్లు వేసింది!"

"నేను తెలుసుకుంటాను."

నంబర్లు వరసగా వేశాను కాబట్టి ఏ నంబరు ఏ రోజుదో నాకు తెలుసు. ఏ రోజు ఎవరెవరు వచ్చారో, రక్తం ఇచ్చిన వరసలో కాకపోయినా, ఓపీ రిజిస్టరులో ఉంది. ఆ తొమ్మిది నంబర్లూ ఏడు రోజుల్లో పడ్డాయి. ఆ ఏడు రోజుల్లో వచ్చిన గర్భిణులు మొత్తం ఎనభై ఆరుగురు. అందర్నీ మళ్ళీ పిలిపించి, ఈసారి పేరు పెట్టుకుని పరీక్ష చేస్తే ఆ తొమ్మిది మందీ దొరుకుతారు. ఇదీ లెక్క. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు.

"రూల్ ఒప్పుకోదండి. నేను మీకు పర్మిషన్ ఇవ్వలేను" అన్నారు ఆయన.

"నేను అడగట్లేదండి, చెబుతున్నాను."

నాకు తోడుగా నిలబడ్డది యెహెజ్కేలు ఒక్కడే. ఊళ్ళు తిరిగే హెల్త్ అసిస్టెంటు, నెమ్మదస్తుడు. సైకిలు తొక్కి తొక్కి పిక్కలు రాయిలా ఉండేవి. "రోగం పేరు ఎత్తొద్దు. సీసాలు పగిలిపోయాయి, రక్తం మళ్ళీ ఇవ్వాలట అని మాత్రం చెప్పు" అన్నాను. "అలాగేనమ్మా" అని జాబితా చొక్కా జేబులో పెట్టుకుని బయల్దేరాడు. పన్నెండు రోజుల్లో ఎనభై ఐదుగురు వచ్చారు. కొందరు తిట్టుకుంటూ వచ్చారు, ఒకావిడ తొమ్మిదో నెల పొట్టతో రెండు బస్సులు మారి వచ్చింది. ఎనిమిది మంది తేలారు. ఎనిమిది మందికీ సూదులు పడ్డాయి. వాళ్ళ మొగుళ్ళకి కూడా వేయించాలి కదా, లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. ఆ మహారాజుల వేషాలు చెప్పాలంటే అదో భాగవతం. ఒకడైతే "నాకేం జబ్బు లేదండి, దాని రక్తమే చెడ్డది" అన్నాడు. వాడికి సూది మరికాస్త మొద్దుగా ఉంటే బాగుండేదని నాకు మనస్ఫూర్తిగా అనిపించింది.

తేలాల్సింది తొమ్మిది, దొరికింది ఎనిమిది. రావాల్సింది ఎనభై ఆరు, వచ్చింది ఎనభై ఐదు. అంటే ఆ రానిదే తొమ్మిదోది. రిజిస్టరులో ఆ మనిషి ఇలా ఉంది: అచ్చాయమ్మ, వయసు ఇరవై రెండు, ఆరో నెల, మూడో కాన్పు, బతికున్న పిల్లలు లేరు. ఏటికి అవతల ఒక లంక ఊరు. మూడో కాన్పు, పిల్లలు లేరు! ఆ ఒక్క ముక్క చదివినవాళ్ళెవరికైనా గుండె ఝల్లుమనాలి. మేం రాసుకున్నాం, రూళ్ళగీత కింద ఇంకో గీత గీసి తరవాతి పేరు రాసుకున్నాం. ఆగస్టులో ఆరో నెలంటే ఇప్పుడు ఎనిమిది దాటుతోంది.

యెహెజ్కేలు సైకిలుతో సహా ఏరు దాటించే పంటు ఎక్కి లంకకి వెళ్ళాడు. సాయంత్రం వచ్చి టీ తాగుతూ సంగతి చెప్పాడు.

"ఏం చెప్పమంటారమ్మా. అచ్చాయమ్మ గారున్నారాండి అన్నాను. ఒక పెద్దావిడ వచ్చింది. అరవై ఉంటాయి, తలంతా ముగ్గుబుట్ట. నేనే అచ్చాయమ్మని, ఏంటి అంది. మీరు కాదండి, కడుపుతో ఉన్న అచ్చాయమ్మ గారు అన్నాను. ఇంకేముంది! ఆస్పత్రి నుంచి వచ్చానని చెప్పేలోపే, ముసలిదాన్ని పట్టుకుని కడుపంటావా నీ జిమ్మడిపోను అని చీపురు తిరగేసింది. సైకిలు స్టాండు తియ్యకుండానే ఎక్కేశానమ్మా."

ల్యాబ్ అంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను. అబద్ధం చెప్పను, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఊరి పేరు తప్పు రాసి ఉంటారు, పక్క లంకలో చూడు అని చెప్పాను. పాపం వాడు పక్క లంక చూశాడు, ఆ పక్క ఊరూ చూశాడు. ఇరవై రెండేళ్ళ అచ్చాయమ్మ ఎక్కడా లేదు. పది రోజులు పోయాయి. "ఎనిమిది దొరికాయి కదండీ, చాలా గొప్ప. ఇంక వదిలేయండి" అన్నారు అమ్మిరాజు గారు. ఆయన రిపోర్టు అప్పటికే టైపుకి వెళ్ళిపోయింది.

పదకొండో రోజున ఒకతను మూడు నెలల పిల్లాడిని కామెర్ల పరీక్షకి తెచ్చాడు. పిల్లాడు బూరెబుగ్గలతో చందమామలా ఉన్నాడు. పేరేంటయ్యా అంటే "పెంటయ్య అని రాయండి" అన్నాడు.

"ఇంత ముద్దుగా ఉన్నవాడికి పెంటయ్యేంటయ్యా?"

"ముందు ఇద్దరు పోయారండి. అందుకని పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టి తీసుకున్నామండి. మంచి పేరుతో పిలిస్తే ఎవరి కన్నో పడుతుందని మా అమ్మ ఒప్పుకోదు."

సిరంజి బల్ల మీద పెట్టేశాను. ముందు ఇద్దరు పోయారు. ఆ ఆగస్టు రోజు కళ్ళముందుకొచ్చింది. బల్ల మీద బక్కపల్చటి పిల్ల, వెనక ఒక పెద్దావిడ. నేను పేరేంటమ్మా అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచింది. పెద్దావిడ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, "అచ్చాయమ్మ అండి" అంది. "పాతకాలం పేరు పెట్టారే" అని నేను హాస్యమాడాను. ఇద్దరూ నవ్వలేదు. ఓసి నీ తెలివి తెల్లారా శ్యామలాంబా! ఆ పెద్దావిడ చెప్పింది తన పేరు! యెహెజ్కేలు వెళ్ళింది సరైన ఇంటికే. ఆ గుమ్మం ముందు నిలబడి ఆ పిల్లని అడగకుండా వచ్చేశాడు, మేం ఇక్కడ కూర్చుని పళ్ళికిలించాం.

మర్నాడు పొద్దున్నే వాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆ పిల్లని నాతోపాటే ఆస్పత్రికి తెచ్చేయాలి, సాయంత్రంలోగా సూది పడాలి. బస్సులోనూ పంటు మీదా దారంతా ఆ ముసలమ్మని ఏమని తిట్టాలో కూడబలుక్కున్నాను. పేరు మార్చడానికి నీకెవరే అధికారం ఇచ్చింది, నీ మూఢత్వానికి ఒక పసిగుడ్డుని బలిపెడతావా, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. యెహెజ్కేలు నా ముఖం చూసి ఏటి గట్టు మీద పది అడుగులు వెనకే నడిచాడు.

అచ్చాయమ్మ వాకిట్లో కూర్చుని కొబ్బరాకు చీరి ఈనెలు తీస్తోంది. యెహెజ్కేలుని చూసి లేవలేదు, చీపురూ తియ్యలేదు. "మళ్ళీ వచ్చావేంటి నాయనా" అంది, గొంతులో ఓపిక లేనట్టు.

అరుగు మీద నులకమంచంలో ఆ పిల్ల పడుకుని ఉంది. నేను వెతుక్కుంటూ వచ్చిన పొట్ట లేదు. జాకెట్టు ముందు భాగం పాలతో తడిసి అట్టకట్టి ఉంది.

చెప్పులు వాకిట్లోనే విడిచాను.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అన్నాను.

"నాలుగు రోజులండి. మగపిల్లోడు. ఏడవలేదండి" అంది అచ్చాయమ్మ.

నేను ఆవిడ పక్కనే నేల మీద కూలబడ్డాను. ఆస్పత్రి నుంచి వచ్చానని చెప్పాను. కోడలి పేరు ఎందుకు మార్చి చెప్పావమ్మా అని అడిగాను. కోపంగా అడగలేదు, కోపం ఎటు వెళ్ళాలో తెలియక నాలోనే తిరుగుతోంది.

"రెండుసార్లు దాని పేరే రాయించానండి. రెండుసార్లూ పోయారు. పిఠాపురం అమ్మవారికి చీర పెట్టాను, అన్నవరం మెట్లు మోకాళ్ళ మీద ఎక్కాను. ఈసారి దాని పేరు బయట ఎక్కడా పలకనివ్వకూడదనుకున్నానండి. ఏదొచ్చినా నా పేరే అడుగుతూ రావాలి, నన్నే పట్టుకుపోవాలి. నేనుండి చేసేదేముందండి, ముసలిదాన్ని."

చూశారా? ఇద్దరు పేరు తీసేశారు. ఒకరు తన ఉద్యోగం పోకూడదని తీశారు. ఒకరు తన ప్రాణం అడ్డంపెట్టి తీసింది. ఇద్దర్నీ ఒకే గాట కట్టి నేను లోపల్లోపల తిడుతూ వచ్చాను.

కానీ చెప్పాల్సింది చెప్పక తప్పదు. లేకపోతే నాలుగోదీ ఇంతే అవుతుంది. మంచం దగ్గరికి వెళ్ళి ఆ పిల్లతో చెప్పాను. "నీ రక్తంలో ఒక జబ్బుందమ్మా. నీ తప్పు కాదు. నీకూ మీ ఆయనకీ సూది వేస్తే పోతుంది. ఆ తరవాత పుట్టే బిడ్డ నిక్షేపంలా ఉంటుంది." ఆ పిల్ల కళ్ళు తెరిచి నన్ను చూసింది. ముందే వేసి ఉంటే అన్న మాట నేను ఎత్తలేదు. ఎత్తదలుచుకోలేదు కూడా. ఆ ఒక్క ముక్కా దాచేసి లేచి వచ్చేద్దామనుకున్నాను.

అచ్చాయమ్మ ఈనెలు పక్కన పెట్టింది. యెహెజ్కేలు వైపు తిరిగింది.

"ఆ రోజు ఈ బాబు వచ్చింది... ఆ సూది కోసమేనాండి?"

వాడు తల దించుకున్నాడు. వాడికి అబద్ధమాడటం చేతకాదు.

"తప్పు మాదమ్మా!" అన్నాను. అనడం కాదు, అరిచాను, పక్కింటివాళ్ళు బయటికొచ్చేలా అరిచాను. "చీటీ పీకింది మేము. పరీక్ష మందు లేదని రెండు నెలలు కూర్చుంది మేము. తీసిన రోజే పరీక్ష చేసుంటే నీ పేరయితేనేం, దాని పేరయితేనేం, ఆ పూటే సూది పడేది. నీకేం సంబంధం లేదు, వినబడుతోందా? నీకేం సంబంధం లేదు!"

ఆవిడకి వినబడలేదు.

"అనుకున్నట్టే వచ్చిందండి" అంది మెల్లగా. "నా పేరే అడుగుతూ వచ్చింది. గుమ్మం దాకా వచ్చింది. నేనే చీపురు తిరగేసి తోలేశాను."

చీరిన ఈనెలన్నీ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటీ తుంచుతూ కూర్చుంది.

బాలింతరాలు కాస్త లేవగలిగాక, వారం తరవాత, ఆ పిల్ల మొగుడితో వచ్చింది. రొయ్యల చెరువుల దగ్గర కాపలా పని అతనిది. తల ఎత్తలేదు, ఎదురు చెప్పలేదు, సూది వేయించుకున్నాడు. అచ్చాయమ్మ రాలేదు. రిజిస్టరు తెరిచి పేరేంటమ్మా అన్నాను. ఆ పిల్ల అలవాటుగా వెనక్కి చూసింది, వెనక ఎవరూ లేరు.

"దుర్గాశ్రీ అండి" అంది.

రిపోర్టు వచ్చింది. రాష్ట్రం బొమ్మకి రంగులు వేసి, మా జిల్లా మీద రెండుంపావు అని అచ్చువేశారు. అమ్మిరాజు గారు దాన్ని ల్యాబ్ గోడకి తగిలించబోతుంటే మేకు లాగేశాను. "ఇందులో ఆ లంకలో పూడ్చిన పిల్లాడు ఎక్కడున్నాడో చూపించి తగిలించుకోండి" అన్నాను. ఆయన బొమ్మ చుట్టుకుని వెళ్ళిపోయారు. మరుసటి ఏడు సర్వేలో సిఫిలిస్ ట్యూబుల మీద చీటీలు ఉన్నాయి. నేను పీకలేదు, పీకమని ఎవరూ అడగలేదు. పరీక్ష మందు కూడా జులైలోనే, నేను పోరగా పోరగా వచ్చింది.

నాకు మాత్రం ఒక మెమో వచ్చింది. సర్వే నంబర్ల ద్వారా మనుషులను గుర్తించడానికి ప్రయత్నించినందుకు, గోప్యతకు భంగం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వవలెను అని. ఇప్పటికీ నా బీరువాలో ఉంది. తొమ్మిది మంది ఆడవాళ్ళ పేర్లు రెండు నెలలు నిలుపుకోలేని ఆఫీసు, ఆ కాగితం మీద నా పేరు ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాసింది.